మా అన్న ఇంగ్లిష్ నాటకాలు

మా అన్న ఇంగ్లిష్ నాటకాల్లో వేషాలు వేస్తాడని చెబితే ఇబ్రహీంపట్నంలో ఎవరూ ఒక పట్టాన నమ్మేవాళ్లు కాదు. "సినిమాల్లనా?" అనేవాళ్లు మొదట. కాదు, స్టేజీ మీద అంటే, "అంటే భాగోతమా?" అని అడిగేవాళ్లు. నేను ఏదో వివరించబోయేదాన్ని. అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు. "అవ్, భాగోతమే. దొరల భాగోతం," అని తేల్చేసి తన పనిలో పడిపోయేది.

మా ఇంట్లో అంతకుముందు ఇంగ్లిష్ మాట్లాడినవాళ్లు లేరు, వేషం కట్టినవాళ్లూ లేరు. బాపు తాపీమేస్త్రీ. అమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆదివారం పొద్దున అందరం కలిసి చర్చికి పోవడం, వచ్చాక కోడికూర తినడం, అంతే మా పండుగ. అన్నను చిన్నప్పుడే సికింద్రాబాదులో చర్చివాళ్ల హాస్టల్లో వేశారు. అక్కడి వార్డెన్ ఒక ముసలి టీచరమ్మ. సాయంత్రం పూట ఆమె పిల్లల చేత ఇంగ్లిష్ కథలు పైకి చదివించేదట. ఊరికే చదవడం కాదు, కథలో ఒక్కో మనిషి మాటలను ఒక్కో పిల్లవాడు పలకాలి. అన్నకు ఇంగ్లిష్ అట్లా ముందు నోటికి వచ్చింది, తర్వాత బుర్రకెక్కింది.

ఒక ఏడు క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా చర్చి నాటకంలో వాడికి పసిపిల్లలను చంపించే రాజు వేషం ఇచ్చారు. అమ్మ పట్టుచీరను భుజాల మీద కప్పుకుని, అట్టముక్క కిరీటం పెట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కన్ని గూడ ఇడువకుండ్రి!" అని అరిచాడు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న చిన్నపిల్లలు ఒకరిని చూసి ఒకరు ఏడుపు అందుకున్నారు. పాస్టరుగారు నాటకం ఆపి, పిల్లలకు బిస్కెట్లు పంచి, మళ్లీ మొదలుపెట్టించాల్సి వచ్చింది. అమ్మకు తల కొట్టేసినట్టయింది.

"గంతగనం ఎందుకు మొత్తుకున్నవ్‌రా? పోరగాండ్లు జడుసుకున్నరు," అంది ఇంటికి వస్తూ.

"జడుసుకోవాలెననే మొత్తుకున్ననే అమ్మా," అన్నాడు అన్న. వాడి ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

డిగ్రీకి హైదరాబాదులో చేరాక ఇంగ్లిష్ నాటకాలు వేసే ఒక బృందంలో కలిశాడు. ఆ బృందాన్ని నడిపించేది రిటైరైన ఒక ప్రొఫెసరు. అన్న ఆయనను పెద్దసారు అనేవాడు. మిగతావాళ్లంతా పెద్ద పెద్ద బడుల్లో చదువుకున్నవాళ్లు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల మధ్య వీడు సాగర్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో వేలాడుతూ పోయి నిలబడేవాడు. మొదటి వేషం నౌకరుది. గుర్రపుబండి వచ్చిందని యజమానికి చెప్పి వెనక్కి పోవాలి. నాటకం మొత్తంలో వాడికి ఉన్నది ఆ ఒక్క మాట. ఆ ఒక్క మాటను ఇంట్లో బావి గట్టు మీద కూర్చుని, అన్నం తింటూ, నా జడ లాగుతూ, వంద రకాలుగా అనేవాడు. ఒకసారి ఇంటి ముందు ఆటో ఆగితే కూడా అదే మాట అన్నాడు. అమ్మ లోపలినుంచి, "వచ్చిందిలే, తెల్సింది, ఇగ బంద్ చెయ్," అంది. ఆ ఇంగ్లిష్ ముక్క అమ్మకు కూడా అర్థమయ్యేంతగా పలికాడన్నమాట.

తర్వాత చాలా ఏళ్లు నౌకర్ల, కాపలావాళ్ల, సిపాయిల వేషాలే దొరికాయి. పెద్ద వేషం అడిగితే, మాటలో యాస ఉందనేవాళ్లు. వాడు ఆ యాసను అరగదీయడానికి చేయని కష్టం లేదు. నోట్లో పెన్ను అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. అద్దం ముందు నిలబడి పెదవులు, నాలుక ఎట్లా కదులుతున్నాయో చూసుకునేవాడు. మధ్యలో ఒక టీవీ సీరియల్ వాళ్లు పిలిస్తే పోయాడు. అక్కడ వాళ్లు తెలుగులో యాస ఉందని వద్దన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి నాతో, "చెల్లె, నా ఇంగ్లిష్‌ల ఇబ్రహీంపట్నం ఉన్నదంటరు. నా తెలుగుల గూడ అదే ఉన్నదంటరు. యాడికి పోయినా ఊరు నా ఎంటనే వస్తది," అని నవ్వాడు. ఆ నవ్వు నటన అని నాకు తెలిసింది. అంత బాగా చేయలేదు.

బతకడానికి ఒక కాల్‌సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే ఉద్యోగంలో కుదిరి, నగరంలోనే గది అద్దెకు తీసుకున్నాడు. తన యాస పోగొట్టుకున్న దారినే వాళ్లకు చూపించేవాడు. పెళ్లి మాట ఎత్తితే, "జర ఆగుండ్రి," అనేవాడు. ఆ ఆగడం అట్లాగే ఉండిపోయింది.

ఔటర్ రింగు రోడ్డు పడ్డాక బొంగులూరు చుట్టుపక్కల వెంచర్లు లేచాయి. బాపుకు అక్కడ చేతినిండా పని. సెలవు రోజున అన్న బాపు వెంట పోయేవాడు, సాయానికి కాదు, ఆ కట్టే ఇళ్ల కోసం. ప్లాస్టరింగ్ కాని ఖాళీ గదుల్లో గొంతు గింగురుమంటుంది. కిటికీ చెక్కలు లేని గదిలో నిలబడి వాడు ఇంగ్లిష్‌లో గొంతెత్తేవాడు. ఒకరోజు నేను అన్నం క్యారియర్ తీసుకుపోతే, బాపు పరంజా మీద కూర్చుని, తాపీ ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు.

"ఎవల్ని తిడుతున్నవ్‌రా?" అని అడిగాడు బాపు, వాడు ఆపగానే.

"తిడ్తలేను బాపు. దేవునితోని లొల్లి పెట్టుకుంటున్న."

"దేవునికి ఇంగ్లిష్ సమజైతదా?"

"ఆయనకు అన్ని వస్తయ్‌గదా బాపు."

బాపు పరంజా దిగి క్యారియర్ విప్పాడు. "నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలే. మళ్ల చెప్పు," అన్నాడు. అన్న మళ్లీ చెప్పాడు. బాపు అన్నం తింటూ మొత్తం విన్నాడు. నాకు తెలిసి మా బాపు చూసిన ఇంగ్లిష్ నాటకం అదొక్కటే. హైదరాబాదు స్టేజీ మీద వాడిని చూడకుండానే ఒక ఎండాకాలం గుండెపోటుతో పోయాడు.

బాపు పోయిన ఏడాదికి అన్నకు మంచి రోజులు వచ్చాయి. పెద్దసారు ఒక నాటకం ఎత్తుకున్నారు. సముద్రం ఒడ్డున పడవలు కాసే ఒక ముసలివాడు, తుఫానులో మునిగిపోయిన తన కొడుకుతో మాట్లాడుతుంటాడు. నాటకంలో చాలా భాగం ఆ ముసలివాడు ఒక్కడే. ఆ వేషానికి వయసు మళ్లినవాళ్లను ముగ్గురిని పిలిచి చూసి, చివరికి పెద్దసారు మా అన్నకు ఇచ్చారు. వాడికి అప్పటికి ముప్పై ఐదు దాటలేదు. బెంగళూరులో, ముంబైలో ఆడారు. పేపరులో ఫొటో పడితే అమ్మ దాన్ని బైబిల్లో పెట్టుకుంది. వాడి మాటలో ఏదో నేల వాసన ఉందని పేపరువాళ్లు రాశారు. ఇన్నాళ్లు పోగొట్టుకోవాలని చూసిన యాసనే ఇప్పుడు మెచ్చుకుంటున్నారని అన్న నాకు ఫోన్ చేసి చెప్పాడు. "ఇగ ఫికర్ లేదు చెల్లె," అన్నాడు.

ఆ మాట అన్నప్పుడే గొంతు కొంచెం బొంగురుగా ఉంది. రిహార్సల్స్‌లో అరిచి అరిచి అట్లా అయిందనుకున్నాం. అమ్మ అల్లం రసంలో తేనె కలిపి ఇచ్చింది. పసుపు పాలు కాచింది. నెలలు గడిచినా తగ్గలేదు. దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. స్వరపేటిక మీద క్యాన్సర్ అన్నారు. సిగరెట్ ముట్టనివాడికి, చల్లనీళ్లు కూడా తాగకుండా గొంతును పసిపాపలా చూసుకున్నవాడికి ఇదేమిటని నేను డాక్టరును అడిగాను. "కొందరికి అట్ల వస్తదమ్మా," అన్నాడాయన.

రేడియేషన్ ఇచ్చారు. మెడ మీద చర్మం కమిలి నల్లబడింది. గంజి తాగడానికి కూడా కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ తర్వాత మెల్లగా గొంతు వచ్చింది, పూర్వంలా కాదు, కొంచెం గరుకుగా. పెద్దసారు వచ్చి విన్నారు. ముసలివాడి వేషానికి ఈ గొంతు ఇంకా బాగుందని, అన్నకు ఇష్టమైతే మళ్లీ ఆడదామని అన్నారు. అన్న కళ్లు మెరిశాయి. అమ్మ మాత్రం గడప మీద కూర్చుని, "ఈపారి నేనొస్త. సూడకుంటె ఎట్ల?" అంది.

అట్లా అమ్మ మొదటిసారి వాడి ఇంగ్లిష్ నాటకానికి వచ్చింది. సికింద్రాబాదులో చల్లటి పెద్ద హాలు. అమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ముందు వరుసలో కూర్చోబెట్టారు. తెర తీయగానే నెరిసిన గడ్డంతో, వంగిన నడుముతో ఒక ముసలివాడు చేతిలో తాడు చుట్టుకుంటూ వచ్చాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వీడు యాడ?" అంది. వాడే అని చెప్పాను. ఆ తర్వాత ఆమె కదలలేదు. చాలాసేపటికి నా చెవి దగ్గర, "ఎవలో సచ్చిపోయిన్రు గదా?" అని అడిగింది.

"అవ్ అమ్మా."

"కొడుకా, బిడ్డా?"

"కొడుకు."

అమ్మ కొంగును తల మీదికి లాక్కుంది. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, ఎందుకు లేచారో తెలియక అటూ ఇటూ చూసి, తానూ లేచింది. చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ జోడించింది.

తెర వెనక గదికి పోతే అన్న అద్దం ముందు కూర్చుని ఉన్నాడు, గడ్డం ఇంకా తీయలేదు. అమ్మ వాడి ముఖం మీద గీసిన ముడతలను వేలితో తడిమింది. "నువ్వు ముసలోనివైతే గిట్లనే ఉంటవ్ కావచ్చు," అంది. అన్న ఆమె చెయ్యి పట్టుకుని నవ్వాడు. వాడిని ముసలివాడిగా మేము చూసింది ఆ ఒక్కసారే.

వానాకాలం వచ్చేసరికి ఊపిరి ఆడడం కష్టమైంది. జబ్బు తిరగబెట్టింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు. లోపల చూసి, వీలైతే కొంత ఉంచుతామని కూడా అన్నారు. ఆ "వీలైతే"ను పట్టుకునే మేమందరం ఉన్నాం. దవాఖానకు పోయే రోజు పొద్దున అన్న అమ్మతో, "నాలుగు దినాలైతే ఇంటికొస్త. పచ్చిపులుసు చేసి పెట్టు," అన్నాడు. అమ్మ, "మిరపకాయ తక్కువేస్తలే," అంది. ఏమీ కానట్టే మాట్లాడుకున్నారు. వాడి నోట మేము విన్న చివరి మాటలు పచ్చిపులుసు గురించే.

డాక్టర్లకు ఏమీ ఉంచడానికి వీలు కాలేదు.

మెడ కింద పెట్టిన రంధ్రంలోంచే ఇక ఊపిరి. దానికి అడ్డంగా తెల్లటి పలచని గుడ్డ. నగరంలో అద్దె గది ఖాళీ చేసి ఇబ్రహీంపట్నం వచ్చేశాడు. ముక్కుతో గాలి పీల్చడం లేదు కాబట్టి వాసన కూడా పోయింది. అమ్మ పచ్చిపులుసు పోపు వేస్తే వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, చిటపటలు విని, అయిందని తెలుసుకునేవాడు. చాలా రోజులకు వాన పడ్డ ఒకనాడు బయట నిలబడి మట్టిని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు చూసి కింద పోశాడు.

గొంతుకు ఆనించి పెట్టుకుంటే శబ్దం వచ్చే ఒక చిన్న యంత్రం ఉంటుంది. పెద్దసారే తెప్పించి ఇచ్చారు. అన్న దాంతో మొదట పలికింది "అమ్మా" అని. రేడియో సరిగ్గా పట్టనప్పుడు వచ్చే గరగర లాంటి చప్పుడు. అమ్మ చేతిలో చేట కింద పడేసింది. "గది నా కొడుకు గొంతు గాదు. బంద్ చెయ్," అంది. అన్న దాన్ని అల్మారాలో పెట్టేశాడు. దుకాణానికి పోయేటప్పుడు జేబులో వేసుకునేవాడు గానీ ఇంట్లో మళ్లీ తీయలేదు.

ఇంట్లో దాని అవసరం కూడా లేకుండా పోయింది. అమ్మకు వాడి పెదవులు చదవడం వచ్చేసింది. అద్దం ముందు అన్నేళ్లు సాధన చేసినవి కాబట్టి ఆ పెదవులు ప్రతి అక్షరాన్నీ విడివిడిగా పలికేవి. నేను మూడుసార్లు అడిగితే గానీ అర్థం కానిది అమ్మ ఒక్క చూపులో పట్టేది. ఇద్దరూ మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చప్పుడు లేకుండా ముచ్చట పెట్టుకునేవాళ్లు. అమ్మ మాటలు మాత్రమే వినబడేవి. "గట్లనా? ఎప్పుడు? వానికి బుద్ధి లేదు," అంటూ ఆమె ఒక్కతే మాట్లాడుతున్నట్టు ఉండేది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆ ఏడాది శ్వాసవ్యవస్థ పాఠం వచ్చింది. బోర్డు మీద ముక్కు, గొంతు, శ్వాసనాళం గీశాను. స్వరపేటిక దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. వెనక పిల్లలు గుసగుసలాడుతున్నారు. పేరు రాసి, బాణం గీసి, "మనం మాట్లాడేది దీనితోనే," అని చెప్పి ముందుకు పోయాను. ఇంటికి వచ్చాక ఆ మాట వాడికి చెప్పలేదు.

ఆపరేషన్ అయిన మరుసటి ఏడు పెద్దసారు ఫోన్ చేశారు. అదే నాటకం ముంబై నటుడొకరితో మళ్లీ వేస్తున్నామని, అన్న మనసు కష్టపెట్టుకోకూడదని, వద్దంటే ఆపేస్తానని అన్నారు. ఫోన్ నా దగ్గర ఉంది. నేను అన్న వైపు చూశాను. "ఎయ్యమను," అన్నాడు పెదవులతో. ఆ మాత్రం నాకూ అర్థమైంది. చూడటానికి వస్తానని కూడా చెప్పమన్నాడు.

ఇద్దరం పోయి వెనక వరుసలో కూర్చున్నాం. ముందుకు రమ్మని పెద్దసారు ఎంత పిలిచినా అన్న రానన్నాడు. ఆ నటుడు బాగా చేశాడు. అది అబద్ధం ఆడవలసిన విషయం కాదు. నేను స్టేజీని కొంచెం చూసి, అన్ననే ఎక్కువ చూశాను. చీకట్లో వాడి పెదవులు కదులుతున్నాయి. ముసలివాడి ప్రతి మాటా, ఆ నటుడి కంటే అర క్షణం ముందు, వాడి పెదవుల మీద పలుకుతోంది. ఒకచోట ఆ నటుడు ఏదో వాక్యం వదిలేశాడు. అన్న ఆగి, ఆ వాక్యం పూర్తి చేసి, మళ్లీ అందుకున్నాడు. మెడ మీద గుడ్డ ఊపిరికి ఎగిరి పడుతోంది.

తిరిగి వస్తూ కారులో ఎల్బీనగర్ దాటేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్‌లో రాసి చూపించాడు: "మంచిగ చేసిండు. నాకన్న ఎత్తు ఉన్నడు, గదే జర బాలేదు." నేను నవ్వాను. వాడూ నవ్వాడు, శబ్దం లేకుండా. ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోయాడు. అమ్మ కంచం తీసి మూత పెట్టింది.

ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లకు చర్చి పిల్లల నాటకం వాడే నేర్పించాడు. మాట లేకుండా చేతులతో, కళ్లతో. రాజు ఎట్లా నడవాలో నడిచి చూపించేవాడు. గొర్రెల కాపరులు దేవదూతను చూసి ఎట్లా భయపడాలో చూపించేవాడు. పిల్లలకు వాడంటే భయం లేదు. మెడ మీద గుడ్డ ఎందుకని అడిగితే దాన్ని పక్కకు జరిపి చూపించేవాడు. రెండోసారి నాటకం అయ్యేనాటికి బాగా చిక్కిపోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఎండలు ముదరకముందే, ఒక ఆదివారం పొద్దున, మేము ఆరాధనకు తయారవుతుండగా పోయాడు. అమ్మ పక్కనే ఉంది. చివర్లో పెదవులు కదిలించాడట. ఏమన్నాడని అందరూ అడిగారు. "నాతోనన్నడు. మీకెందుకు?" అంది అమ్మ.

సమాధుల తోటకు నాటకాలవాళ్లు చాలామంది వచ్చారు. పాస్టరుగారు తెలుగులో ప్రార్థన చేశారు. పెద్దసారు ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు మాట్లాడబోయి, రెండు మాట్లాడి ఆగిపోయారు.

నెల తర్వాత అమ్మ నన్ను పిలిచి, "వాని గొంతు ఫోన్ల ఉంటదిగదా. జర పెట్టు," అంది. నేను వెతికాను. వాడు రాతలో సందేశాలు పంపేవాడు, లేదంటే ఫోన్ చేసేవాడు. గొంతు రికార్డు చేసి పంపే అలవాటు లేదు. చుట్టాల పెళ్లి వీడియోలో వడ్డిస్తూ ఒకచోట కనబడ్డాడు. ఏదో అంటున్నాడు, బ్యాండు మోతలో వినబడలేదు. పెద్దసారును అడిగితే నాటకం రికార్డింగు పంపారు, బెంగళూరులో ఆడినది. అన్న గొంతు అందులో నిండుగా, ఏ జబ్బూ సోకకముందు ఉన్నట్టే ఉంది.

అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. "అంత ఇంగ్లిషేనా?" అంది.

"అవ్ అమ్మా."

"అమ్మా, అన్నం పెట్టు అన్నది యాడన్న లేదా?"

లేదని చెప్పాను. వాడు మాతో మాట్లాడిన మాట ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. మిగిలిందంతా హైదరాబాదు, బెంగళూరు జనానికి చెప్పినదే. అమ్మ కళ్లు తుడుచుకుని ఫోన్ నాకు ఇచ్చేసింది. ఆ రోజుకు ఇక అడగలేదు.

కానీ మరుసటి రోజు మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ మళ్లీ పెట్టమంది. ఆ తర్వాత రోజూ. నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో ఎదురుచూస్తూ ఉంటుంది. ఒకనాడు నాకే ఉండబట్టక, ఆ ముసలివాడు కొడుకుతో ఏమంటున్నాడో మన మాటల్లో చెప్పనా అని అడిగాను.

"ఒద్దు బిడ్డా," అంది. "అర్థమైతే గవి ఎవలో రాసినోని మాటలైతయ్. సమజ్ కాకుంటె వాని గొంతొక్కటే ఇనబడ్తది."

చేట ఒళ్లోకి లాక్కుని, "ఇంకోపారి పెట్టు," అంది. పెట్టాను.